పాత కారవాన్‌లో సోలార్, ఎల్‌ఈడీ లైట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత కారవాన్ తీసుకున్నవాళ్లలో చాలామంది మొదట కొనేది సోలార్ ప్యానెల్. నేనైతే దాన్ని చివరికి ఉంచమంటాను. ముందు బల్బులు, తర్వాత వైరింగ్, ఆ తర్వాత బ్యాటరీ, ఇవన్నీ తేలాక ప్యానెల్. కింది ప్రశ్నలు కూడా దాదాపు ఆ వరుసలోనే ఉన్నాయి. ఇక్కడ చెప్పేదంతా కారు వెనక తగిలించి లాగే, 12 వోల్టుల బ్యాటరీతో నడిచే కారవాన్ల గురించి. బయటి ప్లగ్గు నుంచి తీసుకునే మెయిన్స్ కరెంటు వైపు పని మాత్రం అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

ప్యానెల్ కంటే ముందు బల్బులెందుకు మార్చాలి?

లెక్క చూడండి. 10 వాట్ల పాత బల్బులు ఆరు, రోజూ నాలుగు గంటలు వెలుగుతాయనుకుందాం. వాట్లను గంటలతో గుణిస్తే 240 వాట్-అవర్లు. దాన్ని 12 వోల్టులతో భాగిస్తే, బ్యాటరీలోంచి 20 యాంప్-అవర్లు పోయినట్టే. అదే చోట 2 వాట్ల ఎల్‌ఈడీలు పెడితే 48 వాట్-అవర్లు, 4 యాంప్-అవర్లతో సరిపోతుంది. రోజుకు మిగిలింది 192 వాట్-అవర్లు. నాలుగు గంటల నిండు ఎండకు సమానమైన వెలుగు పడిన రోజున, నష్టాలన్నీ పోగా 100 వాట్ల ప్యానెల్ ఇచ్చేది సుమారు 280. అంటే బల్బులు మార్చడమొక్కటే దాదాపు 70 వాట్ల ప్యానెల్ బిగించినంత పని చేస్తుంది. నిచ్చెన ఎక్కక్కర్లేదు, కప్పు జోలికి పోనక్కర్లేదు.

అసలు పాత కారవాన్లలో ఎల్‌ఈడీలు ఎందుకు లేవంటే, అవి తయారైన రోజుల్లో గది వెలిగించే తెల్ల ఎల్‌ఈడీ లేదు. నీలి ఎల్‌ఈడీ 1990లలో కుదిరాకే తెల్ల వెలుతురు సాధ్యమైంది. ఆ పనికే 2014లో ముగ్గురు శాస్త్రవేత్తలకు భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది.

నా దగ్గరున్న లైట్లకు సరిపోయే ఎల్‌ఈడీలు దొరుకుతాయా?

దాదాపు అన్నిటికీ దొరుకుతాయి. కొనేముందు పాత బల్బు ఊడదీసి చేతిలో పట్టుకుని చూడండి. రెండు సన్న పిన్నులుంటే జీ4 హాలోజన్. రెండు చివర్లా లోహపు టోపీలున్న పొడుగు గొట్టమైతే ఫెస్టూన్, దాని పొడవు మిల్లీమీటర్లలో కొలవాలి. పక్కలకు రెండు బుడిపెలుండి తిప్పి బిగించేదైతే బేయోనెట్ రకం. అందులో అడుగున ఒక చుక్క ఉందా, రెండున్నాయా చూసుకోండి. ఇంకో సంగతి: ఎల్‌ఈడీ బల్బు పాతదానికంటే లావుగా ఉండొచ్చు, పైన మూత పట్టకపోవచ్చు. అందుకే ముందు ఒక్కటి కొని పెట్టి చూసి, తర్వాత మిగతావి తెప్పించుకోండి.

12 వోల్టుల ట్యూబ్‌లైట్లున్నవాళ్లు ట్యూబు తీసేసి, లోపలున్న చిన్న ఇన్వర్టర్ సర్క్యూట్‌ను కూడా పూర్తిగా పక్కకు తప్పించాలి. ట్యూబును వెలిగించడానికి అది చాలా ఎక్కువ వోల్టేజీ పుట్టిస్తుంది. దాని అవుట్‌పుట్‌కు ఎల్‌ఈడీ స్ట్రిప్ తగిలిస్తే స్ట్రిప్ పోతుంది. బ్యాటరీ నుంచి వచ్చే రెండు వైర్లనూ నేరుగా కొత్త స్ట్రిప్‌కు ఇచ్చి, పాత డబ్బా, స్విచ్ అలాగే వాడుకోవచ్చు.

ప్యాకెట్ మీద 12 వోల్టులు అని ఉంటే చాలు కదా?

చాలదు. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. కారవాన్‌లో 12 వోల్టులనేది పేరుకే. బ్యాటరీ డౌన్ అయితే 11 చిల్లరకు దిగుతుంది, ఛార్జవుతున్నప్పుడు 14.4 దాకా, కొన్ని సెట్టింగుల్లో అంతకంటే పైకీ ఎక్కుతుంది. సోలార్ పెట్టాక రోజూ ఎక్కుతుంది.

చవక స్ట్రిప్‌లో మూడేసి ఎల్‌ఈడీలు వరుసగా, వాటితో కరెంటును అదుపులో ఉంచే ఒక రెసిస్టర్ ఉంటాయి. ఒక్కో ఎల్‌ఈడీ సుమారు 3 వోల్టులు తీసుకుంటుంది కాబట్టి 12 వోల్టుల దగ్గర రెసిస్టర్ మీద పడేవి 3 వోల్టులు. సరఫరా 14.4 అయితే రెసిస్టర్ మీద 5.4. కరెంటు 1.8 రెట్లవుతుంది. ఎల్‌ఈడీ వోల్టేజీ కూడా కాస్త పెరుగుతుంది కనుక నిజంలో అంతకంటే కొంత తక్కువే, అయినా వేడెక్కి కొన్ని నెలల్లో మసకబారడానికి అది చాలు. అందుకని ‘10 నుంచి 30 వోల్టులు’ అని రాసి, లోపల కరెంటును స్థిరంగా ఉంచే డ్రైవర్ ఉన్న బల్బులే తీసుకోండి. వాటికి ధర ఎక్కువే, కానీ బ్యాటరీ దిగినా ఎక్కినా వెలుతురు ఒకేలా ఉంటుంది.

కొత్త ఎల్‌ఈడీ పెడితే వెలగలేదు. పోయిందా?

ముందు తిప్పి పెట్టండి. పాత బల్బుకు ప్లస్, మైనస్ ఎటున్నా ఒకటే. కొన్ని ఎల్‌ఈడీలకు అలా కుదరదు. అడుగున ఒక్క చుక్కే ఉన్న బేయోనెట్ రకంలో తిప్పి పెట్టినా ప్లస్, మైనస్ మారవు కాబట్టి హోల్డర్ వెనక వైర్లు మార్చాలి, లేదా ఎటు పెట్టినా వెలిగే రకం కొనాలి.

బ్యాటరీ మీద బాగానే వెలుగుతున్నాయి, మెయిన్స్‌కు కలిపితే మినుకుమంటున్నాయి. ఎందుకు?

తప్పు ఎల్‌ఈడీలది కాకపోవచ్చు. చాలా పాత కారవాన్లలోని పవర్ సప్లై ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీగా మార్చే ఒక రెక్టిఫైయర్ మాత్రమే. అది ఇచ్చే డీసీ నున్నగా ఉండదు, అలలు అలలుగా వస్తుంది. పాత ఫిలమెంటు బల్బు వేడి మీద వెలిగేది కనుక ఆ అలలు కంటికి తెలిసేవి కావు. ఎల్‌ఈడీ ప్రతి అలనూ చూపిస్తుంది. ఒక్కోసారి ఆ అల శిఖరాలు 16, 17 వోల్టులు దాటి, అంత తట్టుకోలేని చవక బల్బులను చంపేస్తాయి. బ్యాటరీ కూడా కలిపి ఉంటే అది కొంత సర్దుతుంది. అసలు మందు మాత్రం ఆ పాత పెట్టెను తీసి స్మార్ట్ ఛార్జర్ పెట్టించడమే. ఎలాగూ పాత ఛార్జర్ బ్యాటరీని ఎప్పుడు ఆపాలో తెలియకుండా ఉడికిస్తుంది కాబట్టి ఈ ఖర్చు దండగ కాదు.

వెలుతురు ఏ రంగులో తీసుకోవాలి?

కూర్చునే, పడుకునే చోట పసుపు ఛాయ వెలుతురిచ్చే 2700 నుంచి 3000 కెల్విన్. వంటచోట 4000 బాగుంటుంది. 6000 అని రాసినవి ఆసుపత్రి వరండాలా ఉంటాయి. చెక్క పలకలున్న పాత కారవాన్‌కు అస్సలు నప్పవు.

లైట్లు వేయగానే రేడియోలో గరగర వస్తోంది?

చవక డ్రైవర్ల పని. ఒక్కో బల్బు తీసుకుంటూ పోతే దొంగ దొరుకుతుంది. ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య ఉండి ఛార్జింగును అదుపు చేసే ఛార్జ్ కంట్రోలర్ నాసిరకమైతే అది కూడా ఇదే చేస్తుంది. గరగర పగలు మాత్రమే వస్తుంటే దాన్నే అనుమానించండి.

వెనక బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు కూడా ఎల్‌ఈడీకి మార్చేయనా?

బల్బు మాత్రం మార్చొద్దు. ఆ అద్దం, ఆ రిఫ్లెక్టర్ ఫిలమెంటు బల్బు కోసం చేసినవి. ఎల్‌ఈడీ పెడితే వెనకవాళ్లకు వెలుతురు సరైన కోణంలో కనిపించకపోవచ్చు, చాలాచోట్ల చట్టం కూడా ఒప్పుకోదు. పైగా లాగే కారు తక్కువ కరెంటు చూసి బల్బు పోయిందని హెచ్చరిక ఇవ్వొచ్చు. మార్చాలనుంటే ఆమోదముద్ర ఉన్న పూర్తి ల్యాంపు యూనిట్టే మార్చండి.

పాత వైరింగ్ అలాగే ఉంచొచ్చా?

లైట్లకు చాలావరకు ఉంచొచ్చు, ఎందుకంటే ఎల్‌ఈడీలొచ్చాక ఆ వైర్ల మీద భారం ఐదో వంతుకు పడిపోతుంది. కానీ దీనిలోనే ఒక చిక్కు కూడా ఉంది. కరెంటు తగ్గడంతో పాత లోపాలు కనిపించకుండా పోతాయి. లైట్లు చక్కగా వెలుగుతుంటాయి, నీళ్ల పంపు వేస్తే మాత్రం మూలుగుతుంది.

పరీక్ష సులువు. పంపు నడుస్తుండగా మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూడండి, వెంటనే పంపు దగ్గర చూడండి. అర వోల్టుకు మించి తేడా ఉంటే దారిలో ఎక్కడో కరెంటు వేడిగా మారిపోతోంది. నల్లబడ్డ ఫ్యూజు క్లిప్పులు, పచ్చ పొడి పట్టిన రాగి చివరలు, చాసిస్‌కు బిగించిన తుప్పు బోల్టు, వెనకటి యజమాని మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు వెతకండి. ఎక్కువగా దొరికేది చివరిదే. జాయింటు ఉన్నచోట మెలిపెట్టడాలు తీసేసి సరైన క్రింపింగ్ టూల్‌తో క్రింప్ చేయండి. ప్లయర్‌తో నొక్కింది బండి కుదుపులకు వదులవుతుంది.

వైరు రంగులను మాత్రం నమ్మొద్దు. పాత కారవాన్లలో చేతులు మారిన కొద్దీ దొరికిన వైరు దొరికినట్టు వేసేస్తారు. ప్రతి వైరునూ మీటరు పెట్టి చూసి, చీటీ అంటించుకుంటూ వెళ్లండి. విసుగు పుట్టించే పనే, కానీ ఒకసారి చేస్తే మళ్లీ టెన్షన్ ఉండదు.

నాకు ఎంత బ్యాటరీ, ఎన్ని వాట్ల ప్యానెల్ కావాలి?

మీ వాడకం తెలియకుండా ఎవరూ చెప్పలేరు. చెప్పేవాళ్లుంటే వాళ్లు ప్యానెళ్లు అమ్మేవాళ్లై ఉంటారు. ఒక ఉదాహరణ వేద్దాం. లైట్లకు 48 వాట్-అవర్లు. 60 వాట్ల పంపు రోజు మొత్తంలో పావుగంట నడిస్తే 15. రెండు ఫోన్లకు 30. 20 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలకు 160. ల్యాప్‌టాప్‌కు 60. మొత్తం 313 వాట్-అవర్లు, సుమారు 26 యాంప్-అవర్లు.

లెడ్-యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడకపోతే ఎక్కువ కాలం ఉంటుంది. అంటే 100 యాంప్-అవర్లలో చేతికొచ్చేది 50. ఎండ లేకున్నా దాదాపు రెండు రోజులు నడుస్తుంది. ప్యానెల్ విషయానికొస్తే, పైన చెప్పిన 280 లెక్కన 100 వాట్లు కాస్త తక్కువ, 150 వాట్లు హాయిగా సరిపోతుంది. ఆ 313లో సగం ఫ్యానుదే అని గమనించారా? మీ జాబితాలో కూడా అలాంటి ఒక వస్తువు ఉంటుంది. దాన్ని పట్టుకుంటే మిగతా లెక్క దానంతటదే తేలిపోతుంది.

కారు బ్యాటరీ ఒకటి ఖాళీగా ఉంది, వాడొచ్చా?

వద్దు. ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీలో పలకలు పల్చగా ఉంటాయి, క్షణాల్లో బోలెడు కరెంటు ఇవ్వడం వాటి పని. రోజూ సగం దాకా దింపి ఎక్కిస్తుంటే త్వరగా చచ్చిపోతుంది. డీప్ సైకిల్ లేదా లీజర్ బ్యాటరీ అని అడగండి. నీళ్లు పోసే రకమైతే గాలి ఆడే పెట్టెలోనే పెట్టాలి, ఛార్జింగులో హైడ్రోజన్ వస్తుంది.

ఎంత మిగిలిందో తెలుసుకోవాలంటే కొన్ని గంటలు ఏమీ వాడకుండా, ఛార్జ్ చేయకుండా ఉంచి వోల్టేజీ చూడాలి. 12.7 అయితే నిండినట్టు, 12.2 అయితే సగం. ఎండలో ఛార్జవుతుండగా చూసిన 13.5కు అర్థం లేదు.

లిథియం పెడితే మంచిదా?

బరువు సగం కూడా ఉండదు, సామర్థ్యంలో 80 శాతం పైగా వాడుకోవచ్చు. కారవాన్లలో వాడేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. మూడు విషయాలు చూసుకోండి. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు దాన్ని ఛార్జ్ చేయకూడదు, కాబట్టి ఆ రక్షణ లోపలే ఉన్న బ్యాటరీ తీసుకోవాలి. కంట్రోలర్‌లో లిథియం సెట్టింగ్ ఉండాలి. కారవాన్‌తో పాటు వచ్చిన పాత ఛార్జర్ దానికి పనికిరాదు. తక్కువ వాడకం ఉన్నవాళ్లకు మంచి ఏజీఎం (నీళ్లు పోయనక్కర్లేని, మూసి ఉండే లెడ్-యాసిడ్ రకం) చాలనేది నా అభిప్రాయం.

పీడబ్ల్యూఎం కంట్రోలరా, ఎంపీపీటీనా?

100 వాట్ల ప్యానెల్ సుమారు 18 వోల్టుల దగ్గర 5.5 యాంపులిస్తుంది. పీడబ్ల్యూఎం రకం కంట్రోలర్ అంటే ప్యానెల్‌ను బ్యాటరీకి నేరుగా కలిపినట్టే కాబట్టి, 13 వోల్టుల దగ్గర అదే 5.5 యాంపులు. అంటే 72 వాట్లు. ఎంపీపీటీ మిగిలిన వోల్టేజీని కూడా కరెంటుగా మార్చి 95 దాకా రాబడుతుంది. అది కాగితం మీది లెక్క. ఎండకు ప్యానెల్ కాగినప్పుడు దాని వోల్టేజీ పడిపోతుంది కనుక తేడా తగ్గుతుంది, చల్లటి వాతావరణంలో పెరుగుతుంది. ఒక్క 100 వాట్ల ప్యానెల్‌కు మంచి పీడబ్ల్యూఎం చాలు. 150 దాటితే ఎంపీపీటీ మేలు, ఇళ్ల మీద వాడే ఎక్కువ వోల్టేజీ ప్యానెల్ దొరికితే అది తప్పదు.

కంట్రోలర్ మీదున్న ‘లోడ్’ స్క్రూలకు లైట్లు కలపొచ్చు. పంపు, ఇన్వర్టర్ కలపకండి, అవి స్టార్ట్ అయ్యేటప్పుడు లాగే కరెంటుకు అది కాలిపోతుంది.

గట్టి ప్యానెలా, వంగే ప్యానెలా?

అల్యూమినియం ఫ్రేము, అద్దం ఉన్న గట్టిదే. 100 వాట్లది 6 నుంచి 8 కిలోలుంటుంది, కారవాన్ మోయగల బరువులోంచి దాన్ని తీసేసి లెక్కేసుకోండి. వంగే ప్యానెల్ తేలికే కానీ కప్పుకు అతుక్కుని ఉండడం వల్ల కింద గాలి ఆడక కాగిపోతుంది. సిలికాన్ సెల్ 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి 0.35 శాతం లెక్కన శక్తి కోల్పోతుంది. సెల్ 65 డిగ్రీలకు చేరితే 14 శాతం పోయినట్టు. గట్టి ప్యానెల్ కింద రెండు, మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉంటే ఆ వేడి చాలావరకు పోతుంది.

పాత కప్పు బలహీనంగా ఉంటే? మడిచి పెట్టుకునే ప్యానెల్ నేల మీద పెట్టుకోండి. మీరు నీడలో, ప్యానెల్ ఎండలో. సూర్యుడి వైపు తిప్పుకోవచ్చు కూడా. ఇది రాజీ పడడమని చాలామంది అనుకుంటారు, నాకైతే పాత కారవాన్‌కు ఇదే తెలివైన దారి అనిపిస్తుంది.

కప్పుకు చిల్లులు పెట్టకుండా బిగించొచ్చా?

బిగించొచ్చు, అసలు చిల్లులు పెట్టకూడదు కూడా. పాత కారవాన్‌ను చంపేది తేమ. అల్యూమినియం రేకు కింద చెక్క ఫ్రేము ఉంటుంది, ఒక్క స్క్రూ చిల్లులోంచి నీరు దిగినా లోపల్లోపలే కుళ్లిపోతుంది. కాబట్టి ముందు లోపలి నుంచి కప్పును వేళ్లతో నొక్కి చూడండి. మెత్తగా తగిలినా, మరకలున్నా ఆ మరమ్మతు పూర్తయ్యేదాకా ప్యానెల్ మాటెత్తొద్దు.

కప్పు గట్టిగా ఉంటే ప్లాస్టిక్ మూల బ్రాకెట్లను పాలీయూరిథేన్ జిగురుతో అతికించాలి. వాహనాల బాడీలు అతికించే సికాఫ్లెక్స్ 252 లాంటి రకం. బాత్రూమ్ సిలికాన్ పనికిరాదు. జిగురు కంటే ఉపరితలం ముఖ్యం: సబ్బుతో కడిగి, సన్న గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, జిగురు కంపెనీ చెప్పిన ప్రైమర్ వేసి అతికించాలి. ఆరడానికి చెప్పిన సమయం పూర్తిగా ఇవ్వాలి. హైవే మీద గాలి ప్యానెల్‌ను పైకి లాగుతుంది, ఊడితే అది వెనకొచ్చేవాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది. వైరు లోపలికి రావడానికి ఒక్క చిల్లు తప్పకపోవచ్చు. దానిపైన వాటర్‌ప్రూఫ్ కేబుల్ గ్లాండ్ (వైరు చుట్టూ నీరు దిగకుండా బిగించే మూత) అతికించండి. ఫ్రిజ్ గాలి రంధ్రంలోంచి వైరు దింపగలిగితే ఆ చిల్లు కూడా అక్కర్లేదు.

ఎంత లావు వైరు వేయాలి?

ప్యానెల్ నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల సోలార్ వైరు. అయిదు మీటర్ల దూరమంటే రానూ పోనూ పది మీటర్లు. 5.5 యాంపుల దగ్గర ఇందులో పడిపోయేది పావు వోల్టు. 1.5 వైరు వేస్తే 0.6 దాటుతుంది. ప్యానెల్ వైపు ఆ నష్టాన్ని ఎలాగో భరించొచ్చు. కంట్రోలర్‌కూ బ్యాటరీకీ మధ్య మాత్రం భరించలేం. అక్కడ అర వోల్టు పోతే, కంట్రోలర్ 14.4 చూసి నిండిందనుకుంటుంది, బ్యాటరీకి అందేది 13.9. అలా రోజూ అరకొరగా నిండుతూ పాడవుతుంది. అందుకే కంట్రోలర్‌ను బ్యాటరీకి వీలైనంత దగ్గర్లో, మీటరులోపు పెట్టండి, కానీ నీళ్లు పోసే బ్యాటరీ ఉన్న పెట్టెలో పెట్టకండి.

ఫ్యూజులు ఎక్కడెక్కడ?

బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరే ప్రతి వైరుకూ, బ్యాటరీకి జానెడు దూరంలోపే. ఫ్యూజు కాపాడేది వస్తువును కాదు, వైరును. కాబట్టి వైరు మోయగలిగినదానికంటే తక్కువ యాంపులది వేయాలి. బ్యాటరీ షార్ట్ అయితే వందల యాంపులిచ్చి చెక్క గోడను అంటించగలదు.

కలిపే వరుస ముఖ్యమా?

ముఖ్యమే. ముందు బ్యాటరీని కంట్రోలర్‌కు కలపాలి, తర్వాతే ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. బ్యాటరీ లేకుండా ప్యానెల్ తగిలిస్తే 12 వోల్టుల వ్యవస్థని గుర్తించడానికి కంట్రోలర్‌కు ఆధారం ఉండదు, కొన్ని రకాలు కాలిపోతాయి కూడా. పని జరుగుతున్నంతసేపూ ప్యానెల్ మీద దుప్పటి కప్పి ఉంచండి.

రెండు ప్యానెళ్లను సిరీస్‌లో కలపాలా, పారలల్‌లోనా?

చెట్ల కింద ఆపే అలవాటుంటే పారలల్, అంటే ప్లస్‌లు రెండూ ఒకచోట, మైనస్‌లు రెండూ ఒకచోట. ఒకదాని మీద నీడ పడ్డా రెండోది పనిచేస్తుంది. సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్‌ను రెండోదాని మైనస్‌కు కలిపితే, వోల్టేజీలు కలుస్తాయి కాబట్టి ఎంపీపీటీ కావాలి. దేనికీ కలపకుండా ఉన్నప్పుడు ఒక్కోటి సుమారు 22 వోల్టులు, రెండు కలిస్తే 44, చలిలో ఇంకా ఎక్కువ. కంట్రోలర్ పరిమితి దానికి పైన ఉండాలి. ఇక నీడ సంగతి: కప్పు మీది యాంటెన్నా గొట్టం నీడ సన్నగా అడ్డం పడ్డా ఉత్పత్తి బాగా తగ్గిపోతుంది, ఎందుకంటే సెల్స్ అన్నీ వరుసగా కలిసి ఉంటాయి.

ఫ్రిజ్‌ను సోలార్ మీద నడపొచ్చా?

గ్యాస్, 12 వోల్టులు, మెయిన్స్ మూడింటి మీదా నడిచే పాత అబ్జార్ప్షన్ ఫ్రిజ్ అయితే వద్దు. 12 వోల్టుల మీద అది 8 నుంచి 12 యాంపులు లాగుతుంది, చాలావాటికి ఆ మోడ్‌లో థర్మోస్టాట్ కూడా ఉండదు. రోజంతా నడిస్తే 190 యాంప్-అవర్ల పైమాటే. ఆ మోడ్ కారు ఇంజన్ నడుస్తున్నప్పటి కోసం. ఆగాక గ్యాస్ మీదికి మార్చండి.

ఇన్వర్టర్ పెట్టి ఎలక్ట్రిక్ కెటిల్ వాడుకుంటాను?

1000 వాట్ల కెటిల్‌కు బ్యాటరీ నుంచి సుమారు 95 యాంపులు పోతాయి. ఐదు నిమిషాలకు 8 యాంప్-అవర్లే కదా అనిపిస్తుంది. చిక్కంతా ఆ కరెంటుతోనే. 100 యాంప్-అవర్ల లెడ్-యాసిడ్ బ్యాటరీ అంత లాగుడుకు వోల్టేజీ వదిలేస్తుంది, ఇన్వర్టర్ కుయ్యిమని ఆగిపోతుంది. నీళ్లు గ్యాస్ మీద కాచుకోండి. ల్యాప్‌టాప్, కెమెరా ఛార్జర్లకు కూడా వీలైతే ఇన్వర్టర్ లేకుండా 12 వోల్టుల ఛార్జర్లే కొనండి.

నెలల తరబడి నిలిపి ఉంచితే?

ప్యానెల్ మీద వెలుతురు పడే చోటైతే అన్నీ అలాగే వదిలేయండి, బ్యాటరీని అదే నిండుగా ఉంచుతుంది. షెడ్డులో పెట్టినా, మొత్తం కవరు కప్పినా ప్యానెల్ పనిచేయదు. కానీ గ్యాస్ అలారం, రేడియో గడియారం, కంట్రోలర్ కొద్దికొద్దిగా తింటూనే ఉంటాయి. అప్పుడు ముందు ప్యానెల్, తర్వాత బ్యాటరీ విప్పేసి, లెడ్-యాసిడ్ అయితే నిండా ఛార్జ్ చేసి పెట్టి, నెలకోసారి వోల్టేజీ చూడండి. 12.4 కంటే దిగితే మళ్లీ ఛార్జింగ్ పెట్టాలి. లిథియం అయితే సగం పైగా ఉంచి వదిలేయొచ్చు.